ఒక్క మెడకి ఎన్ని కండువాలు

"నా ఎన్నికకి ఒక్క ఆకు ఇచ్చినవాడి పేరైనా సరే, మడుగు దగ్గర అందరికీ వినబడేలా పిలిపిస్తాను. దాచిన పేరు ఒక్కటి బయటపడినా ఆ రోజే ఈ బండ దిగిపోతాను."

ఒక పెద్ద అడవిలో, మోదుగలు పూసిన రోజుల్లో, గుబురయ్య అనే ఎలుగుబంటి చెప్పిన మాట ఇది. అధ్యక్షులు కూర్చునే నల్లబండ ఎక్కి, వెనక కాళ్ళ మీద నిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. కుందేళ్ళు చెవులు రిక్కించి విన్నాయి. దుప్పులు తల ఊపాయి. ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఎవరూ అడగను కూడా లేదు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ అడవిలో పేర్లు పిలిచే పద్ధతి పాతది. అధ్యక్ష పదవికి పోటీ చేసేవాడికి ఎవరు ఏమి ఇచ్చినా, తేనెపట్టు కానీ దుంప కానీ, మర్నాడు తెల్లవారుతూనే ఒక తీతువు పిట్ట మడుగు గట్టున నిలబడి ఆ ఇచ్చినవాడి పేరు గట్టిగా పిలిచేది. మడుగు దగ్గరే ఎందుకంటే, నీళ్ళు తాగడానికి అందరూ రావాలి కాబట్టి. పులి అయినా రావాలి, పిచ్చుక అయినా రావాలి. నాకు తెలీదు, నేను వినలేదు అనడానికి ఎవరికీ వీలుండేది కాదు.

మడుగుకి పడమటి వైపు నిలువు బండలు, వాటి కింద మొసళ్ళు. తూర్పు రేవు ఒక్కటే ఏటవాలుగా, లోతు లేకుండా ఉంటుంది. పిల్లలున్న తల్లులు అక్కడే తాగాలి. దుమ్ములగొండులు ఆ రేవులోకి రాకూడదన్నది పాత కట్టుబాటు. ఎందుకు రాకూడదో వేరే చెప్పాలా? పాలు మరవని పిల్ల నీళ్ళ మీదికి తల వంచినప్పుడు దాని మెడ ఎంత సన్నగా కనిపిస్తుందో దుమ్ములగొండికి తెలుసు.

గుబురయ్య ఎన్నిక నినాదం కూడా ఆ రేవు గురించే. "మెడ మెడకీ గౌరవం, గొంతు గొంతుకీ నీళ్ళు." చెట్టు చెట్టుకీ అదే మాట గీరించాడు.

అయితే నినాదంతో కడుపు నిండదు. సభకి వచ్చిన అడవిపందులకి దుంపలు పెట్టాలి. కొమ్మ కొమ్మకీ తిరిగి ప్రచారం చేసే కోతులకి పళ్ళు పంచాలి. గుబురయ్య చేతిలో ఏమీ ఆడడం లేదు. సరిగ్గా అప్పుడు దుమ్ములగొండుల నాయకుడు బొమికన్న కబురు పంపాడు.

"మా వాగు అవతల చెదల పుట్టలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు కదా. అవన్నీ మీవే అనుకోండి."

ఎలుగుబంటికి చెదపురుగులంటే ఎంత ప్రాణమో చెప్పనక్కర్లేదు. గుబురయ్య నోట్లో నీళ్ళూరాయి. మరుక్షణం తీతువు గుర్తొచ్చింది. నీళ్ళు ఆరిపోయాయి.

సలహాదారు ఉడుము వకీలుని పిలిపించాడు. ఈ వకీలు ఎంతటివాడంటే, ఉడుముని రాతి నుంచి పీకినా పీకవచ్చు కానీ ఆయన పట్టుకున్న పాయింటుని ఆయన పట్టు నుంచి పీకలేరు.

"ఏం చెయ్యమంటావు, వకీలూ? పుట్టలు కావాలి. బొమికన్న పేరు మాత్రం గట్టు మీద వినబడకూడదు. వినబడితే తల్లులందరూ నన్ను బండ మీదికి ఎక్కనివ్వరు."

ఉడుము నాలుక చాపి గాలిని ఒకసారి రుచి చూసుకున్నాడు. "రూలు ఏమంటోంది, అయ్యా? ఇచ్చినవాడి పేరు పిలవాలి అంటోంది."

"అవును."

"మరి కొన్నవాడి పేరు?"

"కొన్నవాడా? ఏం కొంటాడు నా దగ్గర? వెంట్రుకలా?"

"కండువా" అన్నాడు ఉడుము.

మర్నాటికల్లా గిజిగాళ్ళు పనిలో దిగాయి. తిప్పతీగ, లేత గడ్డి కలిపి అల్లి, మోదుగపూల రసంలో ముంచి ఆరేశాయి. నల్లబండ పక్కనే, మడుగు గట్టుకి ఎదురుగా దుకాణం లేచింది. దుకాణం మీద ఒక కొండముచ్చు కూర్చుని అరుస్తున్నాడు. "మెడ మెడకీ కండువా. మీ కండువా మీరే కొనుక్కోండి. సామాన్యుడి సొమ్ముతో సామాన్యుడి ఎన్నిక."

దుకాణం లేచిన రోజే ఉడుము వకీలు అడవి సభలో ఒక వివరణ కోరాడు. రూలు మార్చమని కాదు, సుమా. రూలు అంటే ఆయనకి ప్రాణం. వివరణ మాత్రమే.

"సభవారికి మనవి. ఇవ్వడమంటే తిరిగి ఏమీ తీసుకోకుండా ఇవ్వడం. కొనుక్కునేవాడు సరుకు తీసుకుంటున్నాడు. అది వ్యాపారం. ఎవడు ఏం కొనుక్కున్నాడో గట్టెక్కి అరవడం ఏం మర్యాద? రేపు ఏ కుందేలమ్మో ఒక ముల్లంగి కొనుక్కుంటే అదీ అరుస్తామా?"

సభలో ఉన్న కుందేలమ్మలందరికీ ఒక్కసారిగా సిగ్గేసింది. వాళ్ళు ముల్లంగి ఎప్పుడూ కొనుక్కోలేదు. అయినా సిగ్గేసింది. ఒక వివరణ పాసయిపోవడానికి ఆ సిగ్గు చాలు.

తీర్మానం ఇలా తేలింది: కొన్నవాళ్ళ పేర్లు పిలవనక్కర్లేదు. ఎవరైనా పిలిస్తే, అది కొనుగోలుదారుడి స్వేచ్ఛకి భంగం. పిలిచినది తీతువు అయితే గట్టు మీద దాని గూడు తీసివేయబడుతుంది.

తీతువు గూడు అంటే నాలుగు గులకరాళ్ళ మధ్య పెట్టిన నాలుగు గుడ్లు. తీసివేయడానికి ఒక కాలు జారితే చాలు.

"మా అమ్మమ్మ పిలిచింది, మా అమ్మ పిలిచింది" అంది తీతువు. "ఇంతవరకూ ఏ అధ్యక్షుడూ మా నోరు ముయ్యమనలేదు."

"నోరు ముయ్యమన్నది ఎవరమ్మా?" అన్నాడు ఉడుము నొచ్చుకుంటూ. "ఇచ్చినవాళ్ళ పేర్లు హాయిగా పిలుచుకో. నీ స్వేచ్ఛకి మేం అడ్డు రాము."

ఆ రోజు నుంచి గుబురయ్యకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అందరూ కొన్నారు. తెల్లవారితే తీతువు గట్టు మీద నిలబడేది. పిలవడానికి ఒక్క పేరూ ఉండేది కాదు. కొండముచ్చు మాత్రం చాటింపు వేసేవాడు. "చూశారా, మన నాయకుడు ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఇంతటి పారదర్శకత ఏ అడవిలోనైనా ఉందా?"

అడవిలో చుక్కి అని ఒక దుప్పి ఉండేది. కడుపుతో ఉంది. కిందటి వేసవిలో ఎండబెట్టి దాచుకున్న ఇప్పపువ్వు మొత్తం మోసుకొచ్చి దుకాణం ముందు పెట్టింది.

"ఒక కండువా ఇవ్వన్నా. ఇది సరిపోతుందా?"

"ఎక్కువే ఉంది, చెల్లెమ్మా. చిల్లర లేదు" అన్నాడు కొండముచ్చు.

"చిల్లర వద్దులే. మా రేవు మాకు ఉంటే చాలు."

కండువా మెడలో వేసుకుని, నీళ్ళలో తన నీడ చూసుకోవాలని తిరగబోతూ ఉండగా బొమికన్న వచ్చాడు. వెనక అతని గుంపు. కొండముచ్చు లేచి నిలబడ్డాడు.

"ఎన్ని కావాలి, అన్నగారూ?"

"ఉన్నవన్నీ."

చుక్కి ఆగిపోయింది. ఒకరి వెనక ఒకరుగా దుమ్ములగొండులు కండువాలు మోపులు కట్టి మోసుకుపోతున్నాయి. ఉండబట్టలేక అడిగింది. "ఒక్క మెడకి అన్ని కండువాలు ఏం చేసుకుంటారన్నా?"

బొమికన్న ఆమె మెడ వైపు చూశాడు. కండువా వైపు కాదు. "చలికి కప్పుకుంటాం."

"ఇప్పుడు ఎండాకాలం కదా."

"వచ్చే చలికి, చెల్లెమ్మా. మేం ముందుచూపు ఉన్నవాళ్ళం."

చుక్కి తీతువు వైపు చూసింది. తీతువు అంతా చూసింది. గుడ్ల మీద ఇంకొంచెం దగ్గరికి సర్దుకుని కూర్చుంది.

గుబురయ్య గెలిచాడు. కండువాల ధరగా వచ్చిన పుట్టల్లోని చెదలు తిని ఒంటికి నిగనిగ కూడా వచ్చింది. విజయోత్సవ సభలో బొమికన్న "నేనూ మీ వెంటే" అంటూ బండ ఎక్కాడు. కొత్తగా చేరినవాడికి నాయకుడు తన మెడలోని కండువానే తీసి కప్పడం ఆ అడవిలో అన్నిటికంటే పెద్ద మర్యాద. గుబురయ్య తన కండువా తీసి బొమికన్న మెడలో వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చుక్కి కూడా కొట్టింది. ఒక్కొక్కసారి మన కాళ్ళు మనల్ని అడగకుండా చప్పట్లు కొడతాయి.

తరువాత వేసవి ముదిరింది.

గడ్డి ఎండింది. ఆకు రాలింది. చిగురు అనేది కంటికి కనిపించకుండా పోయింది. ఒకరోజు పార్టీ సమావేశంలో ఒక కుందేలు "మెడ మెడకీ గౌరవం" అని నినాదం ఇస్తూ మధ్యలో ఆగింది. పక్క కుందేలు మెడలో తిప్పతీగ కనిపించింది. లేత గడ్డి కూడా కనిపించింది. నినాదం పూర్తయ్యేలోగా సగం కండువా నమిలేసింది. పక్క కుందేలు తక్కువ తినలేదు.

వారం తిరిగేసరికి దుప్పులు, కణుజులు, అడవిగొర్రెలు, కోతులు అందరూ తమ కండువాలో పక్కవాళ్ళ కండువాలో తినేశారు. సిద్ధాంతం కొంచెం చేదుగా ఉందని ఒక కణుజు అంది. అది మోదుగ రంగు వల్ల అని ఇంకొకటి సర్దిచెప్పింది.

చుక్కి అందరికంటే ఎక్కువ రోజులు ఆగింది. పిల్ల పుట్టిన మర్నాడు పొదుగులో పాలు లేకపోతే, కళ్ళు మూసుకుని తన కండువా తినేసింది.

ఆకు అలములు తినేవాళ్ళకి ఆకు అలములతో చేసిన జెండా ఇస్తే ఏమవుతుందో ఆ అడవిలో ఎవరికీ తట్టలేదు. మాంసం తినేవాళ్ళకి మాత్రం తట్టింది. వాగు అవతల దుమ్ములగొండుల గుహలో కండువాలు మోపులు మోపులుగా, చెక్కు చెదరకుండా ఉన్నాయి.

అప్పుడు బొమికన్న కొండ ఎక్కి అధ్యక్షుణ్ణి కలిశాడు.

"మేం ఏమీ అడగం, అయ్యా. మేం ఇచ్చినవాళ్ళం కాదు కదా, కొన్నవాళ్ళం. కాకపోతే కొన్నవాళ్ళకి కాస్త మర్యాద ఉండాలి కదా. తూర్పు రేవులో మమ్మల్ని ఇంకా పరాయివాళ్ళలా చూస్తున్నారు."

గుబురయ్య ఉడుము వైపు చూశాడు. ఉడుము అప్పటికే పాయింటు పట్టుకున్నాడు.

మర్నాడు నల్లబండ మీద నుంచి ప్రకటన వెలువడింది. "తూర్పు రేవు ఇకమీదట మనవాళ్ళది. మనవాళ్ళకే నీళ్ళు. మెడలో కండువా ఉన్న ప్రతివారికీ రేవులో ప్రవేశం."

అడవి ఊగిపోయింది. ఎందుకు ఊగదు? ప్రతివాడూ కొన్నవాడే. "మన రేవు, మన నీళ్ళు" అని అరుచుకుంటూ ఇళ్ళకి పోయారు. దారి సగంలో ఒక్కొక్కరే మెడ తడుముకున్నారు.

తెల్లవారేసరికి రేవు దగ్గర దుమ్ములగొండులు బారులు తీరి ఉన్నాయి. అందరి మెడల్లోనూ కొత్త కండువాలు.

చుక్కి పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. కాపలా దుమ్ములగొండి అడ్డం నిలిచింది.

"కండువా ఏదమ్మా?"

"తినేశాను, తమ్ముడూ. పాలు పడక."

"అందరూ అదే చెబుతున్నారు. అసలు కొన్నావని ఏమిటి గుర్తు?"

"కొన్నాను. దాచుకున్న ఇప్పపువ్వంతా పోసి కొన్నాను. తీతువుని అడుగు, చూసింది."

అందరూ గట్టు వైపు తిరిగారు. తీతువు ముక్కు తెరిచింది. గులకరాళ్ళ పక్కనే ఒక దుమ్ములగొండి తీరిగ్గా కాలు ఎత్తి నిలబడి ఉంది.

"కొన్నవాళ్ళ పేర్లు పిలవకూడదు" అంది తీతువు నెమ్మదిగా. "సభ తీర్మానం."

"విన్నావుగా" అంది కాపలా దుమ్ములగొండి. "నీ స్వేచ్ఛకి భంగం కలగకూడదనే కదా. పక్కకి జరుగమ్మా. పిల్లని ఇక్కడ ఉంచి వెళ్ళినా ఫరవాలేదు."

చుక్కి పిల్లని కాళ్ళ మధ్య దాచుకుని వెనక్కి నడిచింది. ఎండిన వాగు ఇసకలో కాళ్ళతో గోకి గోకి ఒక చెలమ తీసింది. అడుగున దోసెడు నీళ్ళు ఊరాయి. పిల్ల తాగింది. తల్లి పిల్ల మూతి నాకి సరిపెట్టుకుంది. మర్నాడు ఆ చెలమలో నీళ్ళు ఇంకొంచెం కిందికి పోయాయి. ఆ మర్నాడు ఇంకా కిందికి.

ఇదంతా గుబురయ్యకి తెలియదు. అధ్యక్షులవారికి కొండ మీద వేరే ఊట ఉంది. పదవిలో ఉన్నవాళ్ళు ప్రజలు తాగే నీళ్ళు తాగకపోవడం ఏ అడవిలోనైనా మొదట కనిపించే మార్పు.

అయితే రోహిణి కార్తె అధ్యక్షుణ్ణీ వదలదు. కార్తె మొదలైన రోజే కొండ ఊట ఎండింది. గుబురయ్య నాలుక బయటికి వేలాడేసుకుని, వెనక ఉడుముని ఈడ్చుకుంటూ, మిట్టమధ్యాహ్నం తూర్పు రేవుకి దిగాడు. దూరంగా ఎండిన పొదల నీడలో అడవి మొత్తం నిలబడి చూస్తోంది.

కాపలా దగ్గర బొమికన్నే ఉన్నాడు. లేచి నమస్కారం పెట్టాడు. పక్కకి మాత్రం జరగలేదు.

"కండువా, అయ్యా?"

"ఏమిటోయ్, నేను అధ్యక్షుణ్ణి."

"తెలియక కాదు. మీరు పెట్టిన రూలే."

"నా కండువా నీ మెడలోనే ఉంది కదా."

బొమికన్న తన మెడ చూసుకున్నాడు. "అంటే మీరు నాకు ఇచ్చారంటారా? ఆలోచించి చెప్పండి. ఇచ్చారంటే తీతువు పేరు పిలవాల్సి వస్తుంది. గుబురయ్య బొమికన్నకి ఇచ్చాడు అని. ఎందుకిచ్చాడు అని ఎవడో ఒకడు అడుగుతాడు."

గుబురయ్య నీళ్ళ వైపు చూశాడు. "పోనీ ఒకటి అమ్ము" అన్నాడు.

"దానికేం భాగ్యం. స్టాకు ఉంది."

"ధర?"

"వాగు అవతలి పుట్టలు. మీరు ఇంకా తవ్వనివన్నీ."

గుబురయ్య ఉడుము వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఉడుముకి పట్టుకోవడానికి పాయింటు దొరకలేదు.

అప్పుడు పొదల నీడలోంచి చుక్కి ముందుకి వచ్చింది. "కొనవద్దయ్యా. మీ దగ్గర ఇంకో దారి ఉంది. ఆ తీర్మానం ఎత్తేయండి. కొన్నవాళ్ళ పేర్లన్నీ తీతువుని పిలవనివ్వండి. మేమంతా కొన్నట్టు తేలిపోతుంది. మేమూ తాగుతాం, మీరూ తాగుతారు. ఈ కాపలాతో పని ఉండదు."

చాలా తేలికైన పని. ఒక్క మాట అంటే చాలు.

గుబురయ్య తీతువు వైపు చూశాడు. తీతువు నోరు విప్పితే అందరికంటే ఎక్కువసార్లు వినబడే పేరు ఎవరిదో ఆయనకి తెలుసు. ఆ తరువాత నల్లబండ దిగాల్సినవాడు ఎవరో కూడా తెలుసు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క బండ.

"మంచి సూచన, తల్లీ" అన్నాడు. "ఒక కమిటీ వేస్తున్నాను. వకీలుగారు అధ్యక్షత వహిస్తారు."

తరువాత వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, పుట్టలన్నీ ఇచ్చి కండువా కొనుక్కుని, దుమ్ములగొండుల మధ్య కూర్చుని నీళ్ళు తాగాడు. కొన్నవాడు కాబట్టి ఆయన పేరూ ఎవరూ పిలవలేదు. అధ్యక్షుడు తన నినాదాన్ని తన మెడకే అమ్మించుకున్న అడవి బహుశా అదొక్కటే. బహుశా అని ఎందుకన్నానో మీకు తెలుసు.

తిరిగి వెళుతూ ఉడుము చెవిలో ఊదాడు. "కంగారు పడకండి. మృగశిర కార్తె వస్తోంది. ఒక్క వాన పడనివ్వండి, గుంట గుంటలోనూ నీళ్ళే. కడుపు నిండా తాగినవాడు ప్రశ్నలు అడగడు. కమిటీ నివేదిక అప్పుడే ఇద్దాం."

ఆ సాయంత్రం చుక్కి పిల్లతో గట్టు మీదికి వెళ్ళి తీతువు పక్కన నిలబడింది.

"అక్కా, పేరు పిలవొద్దన్నారు. నిజమే. అడగొద్దని ఎక్కడైనా అన్నారా?"

తీతువు తల పక్కకి వాల్చి ఆలోచించింది. "అనలేదు."

"మరి?"

"గుడ్లున్నాయి చుక్కీ."

చుక్కి గులకరాళ్ళకి ఒక పక్కన కాళ్ళు మడిచి పడుకుంది. తరువాత ఒక కణుజు వచ్చి ఇంకో పక్కన పడుకుంది. కుందేళ్ళు వచ్చాయి. మూతులు ఇంకా మోదుగ రంగులో ఉన్న కోతులు వచ్చాయి. గూడు చుట్టూ సందు లేకుండా నిండిపోయింది. కాలు జారడానికి చోటు లేకుండా పోయింది.

తెల్లవారుతూనే తీతువు పిలిచింది. ఒక్క పేరు కూడా చెప్పలేదు.

"ఆ కండువాలన్నీ కొన్నదెవరు? దాచిన పేరు బయటపడితే బండ దిగుతానన్నదెవరు?"

రేవులో నీళ్ళు తాగుతున్న గుబురయ్యకి పొలమారింది.

ఆ రోజు నుంచి రోజూ అదే ప్రశ్న. కమిటీ నోరు విప్పలేదు. దుకాణంలో మాత్రం కొత్త సరుకు వచ్చింది, ఈసారి టోపీలు. చెలమలో నీళ్ళు పిల్ల మూతికి అందీ అందనట్టు ఉన్నాయి. వాన వచ్చి నీళ్ళు నింపుతుంది, నిజమే. కానీ జవాబుకి బదులు వానని చూపించే అధ్యక్షుణ్ణి ఆ అడవి ఈసారి ఒప్పుకునేలా లేదు.

నీతి: పేరు దాచుకోవాలనుకుంటే దానం చెయ్యకండి, కొనుక్కోండి.

ఇది అడవి పెట్టిన గడువు: తీతువు ప్రశ్నకి జవాబు నల్లబండ మీద నుంచి, అందరికీ వినబడేలా, రోహిణి కార్తె ఆఖరి రోజు పొద్దు గుంకేలోగా కావాలి.